పెయింట్ డబ్బా పక్కన పెట్టి ముందు సుత్తి తీయండి

ఈసారి ఉత్తరం కాస్త పెద్దదే, క్లుప్తంగా చెప్తాను. ఒక పాఠకుడు రాశారు: "మా మామయ్య దగ్గర 19 అడుగుల ఫైబర్ పవర్‌బోటు ఒకటి టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉందండి. 1988 మోడల్, 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, స్టెర్న్‌డ్రైవ్. కావాలంటే తీసుకుపో అంటున్నాడు. పైన గెల్‌కోట్, అంటే ఫైబర్ మీద ఉండే రంగు పూత, సుద్దలా చేతికి అంటుతోంది, స్టీరింగ్ సీటు దగ్గర అడుగేస్తే ఫ్లోర్ మెత్తగా దిగుతోంది, ఇంజిన్ 6 ఏళ్ళుగా స్టార్ట్ చెయ్యలేదట. నా ప్లాన్ ఏంటంటే ముందు పెయింట్ వేసేసి, మెత్తగా ఉన్న చోట పైన ఇంకో ప్లైవుడ్ షీట్ పెట్టి స్క్రూలు బిగించి, కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూద్దామని. బైక్ ఇంజిన్లు విప్పడం వచ్చు, ఫైబర్ పని మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. ఒక సీజన్‌లో అయిపోతుందా?"

మీ ప్లాన్‌లో కొన్ని పనులే మార్చాలండి, వరస మాత్రం పూర్తిగా తలకిందులుగా ఉంది. పెయింట్ ముందు వేస్తే అది పైన పటారం లోన లొటారం కథ అవుతుంది, ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే నా మొదటి బోటుకి నేను సరిగ్గా అదే చేశాను కాబట్టి. 16 అడుగులది, రెండు వారాలు కూర్చుని అద్దంలా తీర్చిదిద్దాను, ఫొటోలు తీసి అందరికీ పంపాను, తర్వాత ఒకరోజు వెనక మోటార్ పట్టుకుని ఊపితే ట్రాన్సమ్, అంటే బోటు వెనక గోడ, దాంతో పాటే ఊగింది. మళ్ళీ ఫ్లోర్ కోసి, గ్రైండర్ పెట్టి, ఆ దుమ్మంతా కొత్త పెయింట్ మీద పడి, క్లాంపులు గీసుకుపోయి... ఆ ఫొటోలు ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి, చూసుకోను.

సరే, అసలు విషయానికి వస్తే. పాత బోటు చూడగానే అందరం ఎక్కడ పాడైంది అని చూస్తాం, కానీ చూడాల్సింది నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి అని. మీ మామయ్య బోటుని పాడు చేసింది సముద్రమో చెరువో కాదు, దాదాపు ఖచ్చితంగా వాన నీళ్ళు. ఆ కాలం ఫైబర్ బోట్లు పేరుకే ఫైబర్, లోపల చాలా కట్టె ఉంటుంది. ఫ్లోర్ ప్లైవుడ్, వెనక గోడ రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్, కింద పొడుగ్గా బోటు వెన్నెముకలా వెళ్ళే స్ట్రింగర్లు కూడా చాలా వాటిలో కట్టె మీద ఫైబర్ చుట్టినవే. ఫైబర్ పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఏం కాదు. కానీ సీటు బిగించడానికి ఎవరో ఒక స్క్రూ వేస్తారు, సీలెంట్ పెట్టరు, నిచ్చెన బిగించడానికి ఇంకో నాలుగు, ఫిష్ ఫైండర్ కోసం వెనక్కి ఇంకో రెండు. ఆ రంధ్రాల్లోంచి ప్రతి వానకి కాసిన్ని నీళ్ళు దిగుతాయి, రెండు ఫైబర్ పొరల మధ్యకి చేరిన తేమకి బయటికి దారి ఉండదు, కట్టె అక్కడే నానుతూ కూర్చుంటుంది. పైగా ఉప్పు నీళ్ళ కంటే మంచి నీళ్ళలోనే కట్టె తొందరగా కుళ్ళుతుంది, కుళ్ళు పుట్టించే శిలీంధ్రాలకి ఉప్పు అంతగా పడదు. అందుకే రోజూ సముద్రంలో తిరిగిన బోటు కంటే ఇంటి వెనక టార్పాలిన్ కింద "భద్రంగా" ఉన్న బోటే ఎక్కువ పుచ్చి ఉండటం చూస్తుంటాం. టార్పాలిన్ గాలి ఆడకుండా కప్పితే లోపల తేమ ఎక్కడికీ పోదు కూడా. ఇంకా ఒకటి, ట్రైలర్ మీద ముక్కు పైకి ఉంటుంది కదా, నీళ్ళన్నీ వెనక్కి జారతాయి, డ్రెయిన్ రంధ్రంలో ఆకులు ఇరుక్కుంటే వెనక గోడ కింద అంచు నెలల తరబడి నీళ్ళలోనే. అంటే సీటు దగ్గర మీ కాలికి తగిలిన మెత్తదనం నాకు పెద్ద భయం కాదు, వెనక ఏముందో అన్నదే భయం.

కాబట్టి మామయ్యకి సరే అని చెప్పకముందే ఒక పూట అక్కడికి వెళ్ళండి. ఒక చిన్న ప్లాస్టిక్ సుత్తి, లేకపోతే స్క్రూడ్రైవర్ వెనక పిడి చాలు, ఒక డ్రిల్, 5 లేదా 6 మిల్లీమీటర్ల బిట్, టార్చి, ఒక మార్కర్. ముందు ఫ్లోర్ అంతా, తర్వాత వెనక గోడ లోపలి వైపు, బయటి వైపు, అంగుళం అంగుళం తడుతూ పొండి. బాగున్న చోట శబ్దం ఖణీమని గట్టిగా వస్తుంది, పుచ్చిన చోట లేదా పొరలు విడిపోయిన చోట డొల్లగా డబ్ అని వస్తుంది, ఐదు నిమిషాల్లో మీ చెవికే తేడా అలవాటైపోతుంది. డొల్లగా వచ్చిన ప్రతిచోటా మార్కర్‌తో గీయండి. తర్వాత వెనక డ్రైవ్ కాలు, అంటే ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్‌కి అందించే బయటి భాగం, పట్టుకుని బరువు వేసి పైకీ కిందకీ ఊపండి, ఒకరు ఊపుతుంటే ఇంకొకరు గోడ చూడాలి, గోడ కొంచెం కదిలినా లేదా చుట్టూ గెల్‌కోట్‌లో సన్న పగుళ్ళు తెరుచుకుని మూసుకున్నా మేటర్ అర్థమైపోయినట్టే.

ఇక డ్రిల్. ఇది చెప్తే చాలామంది అయ్యో మంచి బోటుకి రంధ్రాలా అంటారు. లోపలి వైపు నుంచి, వెనక గోడ కింది భాగంలో రెండు మూడు చోట్ల, ఇంజిన్ మౌంట్ల దగ్గర స్ట్రింగర్లలో ఒక్కొక్కటి. బయటి పొర దాటకుండా బిట్‌కి టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. బయటికి వచ్చే పొట్టు చూడండి: లేత రంగులో పొడిగా రాలితే అదృష్టవంతులు, తడిగా ముద్దలా నల్లగా వచ్చి పుల్లటి వాసన కొడితే ఆ కట్టె పోయినట్టు. ఇంకొన్ని చోట్ల పొట్టే రాదు, రంధ్రంలోంచి గోధుమ రంగు నీళ్ళు కారతాయి, అది చూసిన వాళ్ళకి మర్చిపోవడం కష్టం. మంచిగా ఉన్న రంధ్రాల్ని చిక్కటి ఎపాక్సీతో నింపెయ్యొచ్చు, నష్టమేం లేదు.

ఈ పరీక్ష అయ్యాక లెక్క సులువే. ఫ్లోర్ ఒక్కటే పోయింది అంటే కళ్ళు మూసుకుని తీసుకోండి, మొదటిసారి ఫైబర్ పని నేర్చుకోడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఫ్లోర్‌తో పాటు వెనక గోడ కూడా పోయింది అంటే ఓపిక ఉంటే చెయ్యొచ్చు, కానీ స్టెర్న్‌డ్రైవ్ కాబట్టి ఇంజిన్, డ్రైవ్ రెండూ బయటికి తియ్యక తప్పదు. గోడ, స్ట్రింగర్లు, ఇంజిన్ మూడూ పోతే వద్దనే చెప్తాను నేను. ఊరికే వస్తుందంటే ఫినాయిలైనా తాగే టైపులో ఉండకండి, ఊరికే వచ్చిన బోటంత ఖర్చు పెట్టించేది ఇంకోటి లేదు. ట్రైలర్ బాగుంటే ట్రైలర్ అడగండి.

తీసుకున్నారనే అనుకుందాం. మెత్తటి ఫ్లోర్ మీద ఇంకో షీట్ వేసి స్క్రూలు కొట్టే ఐడియా మాత్రం వదిలెయ్యండి. పవర్‌బోటులో ఫ్లోర్ అంటే ఊరికే నిలబడటానికి వేసిన పలక కాదు, అది స్ట్రింగర్లని రెండు పక్కలా ఉన్న హల్‌తో, అంటే బోటు బయటి గుల్లతో, కలిపి కట్టే భాగం, స్పీడ్‌లో అల మీద ధడేల్మని పడినప్పుడు ఆ దెబ్బని పంచుకునేది ఈ మొత్తం డబ్బా లాంటి నిర్మాణమే. పుచ్చిన దాని మీద కొత్తది వేస్తే బలం రాదు, బరువు పెరుగుతుంది, కింద తేమ ఇంకా గట్టిగా బంధించబడుతుంది, పైగా మీరు కొట్టిన ప్రతి స్క్రూ నీళ్ళకి కొత్త దారి. రెండేళ్ళలో కొత్త షీట్ కూడా మెత్తబడుతుంది.

కోసేముందు చెయ్యాల్సిన పని, చాలామంది మిస్ అయ్యేది: బోటు కింద సపోర్టు. ఫ్లోర్ తీసేస్తే హల్ పలచటి గుల్లలా ఒంగుతుంది, ట్రైలర్ రోలర్ల మీద అలాగే ఉంచి ఫ్లోర్, స్ట్రింగర్లు అన్నీ ఒకేసారి పీకేస్తే ఆ ఒంపులోనే మీరు కొత్త స్ట్రింగర్లు అతికించి దాన్ని శాశ్వతం చేసేస్తారు, తర్వాత ఆ బోటు ఎప్పటికీ నేరుగా పరిగెత్తదు. కాబట్టి పొడుగు సపోర్టులు పెట్టి, లెవెల్ చూసి, అప్పుడు కోయండి, స్ట్రింగర్లు ఒక్కొక్కటిగా మార్చండి, ఒకటి తీసి ఒకటి పెట్టి అది గట్టిపడ్డాక రెండోది. ఇంజిన్ మౌంట్ల ఎత్తు, మధ్య దూరం, వెనక గోడ నుంచి దూరం ముందే కొలిచి కాగితం మీద రాసి ఫొటో కూడా తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఇంజిన్, డ్రైవ్ ఒకే గీతలో ఉండాలి, అది కొద్దిగా తప్పినా ఆ రెండూ కలిసే చోట ఉండే గింబల్ బేరింగ్, కప్లర్ అరిగిపోతాయి. ఫ్లోర్ కోసేటప్పుడు అంచు దాకా కోయకుండా చుట్టూ రెండు మూడు అంగుళాల పట్టీ వదలండి, కొత్తది ఎక్కడ ఏ ఎత్తులో కూర్చోవాలో అదే చెప్తుంది. అన్నట్టు కింద పెట్రోల్ ట్యాంకు, వైర్లు, కంట్రోల్ కేబుల్స్ ఉంటాయి, బ్లేడ్ లోతు ప్లైవుడ్ మందానికి సరిగ్గా సెట్ చేసుకోండి, అంతకంటే ముందు ట్యాంకులో పెట్రోల్ మొత్తం తీసెయ్యండి. ఖాళీ ట్యాంకు కూడా ఆవిరితో నిండి ఉంటుంది, దాని దగ్గర నిప్పురవ్వలు వచ్చే పని ఏదీ చెయ్యొద్దు, ముందు ట్యాంకునే బోటు నుంచి దూరంగా పెట్టేస్తే గొడవ ఉండదు.

ఫ్లోర్ తెరవగానే ఫోమ్ కనిపిస్తుంది. ఆ ఫోమ్ నీళ్ళు పీల్చదు అని చెప్తారు, ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే పీలుస్తుంది, నేను తీసిన ఒక ముక్క తలదిండంత ఉంది, ఎత్తబోతే రాలేదు. తడిసిన ఫోమ్ మొత్తం తీసెయ్యాల్సిందే, ఎండబెడదాం అనుకోకండి, నెలలు పట్టినా ఎండదు. కానీ తీసేసి అలా ఖాళీగా కూడా వదలొద్దు, బోటు నీళ్ళతో నిండిపోతే తేల్చి ఉంచేది ఆ ఫోమే. కొత్త క్లోజ్డ్ సెల్ ఫోమ్ మళ్ళీ పెట్టండి, కింద నీళ్ళు వెనక్కి పారే దారి మాత్రం మూసెయ్యకుండా.

ఇక రెసిన్, అంటే ఫైబర్ బట్టని తడిపి గట్టిపడే ద్రవం. ఇక్కడ రెండు వర్గాలు ఉన్నాయి, ఎపాక్సీ వాళ్ళు, పాలియెస్టర్ వాళ్ళు, వీళ్ళ మధ్యకి వెళ్తే మనకే దెబ్బలు. నా అభిప్రాయం చెప్తాను. మీ బోటు ఫ్యాక్టరీలో పాలియెస్టర్‌తోనే తయారై ఉంటుంది, పాలియెస్టర్‌తో రిపేర్ చేసినా నిలబడుతుంది, కానీ కొత్త కట్టెకి, పాత గట్టిపడిన ఫైబర్‌కి పట్టుకోవడంలో ఎపాక్సీ బాగా మెరుగు, మొదటిసారి చేసేవాళ్ళకి తప్పులు జరుగుతాయి కాబట్టి ఆ అదనపు పట్టు పనికొస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్‌ని, దాంతో పాటే గెల్‌కోట్‌ని నమ్మలేం, కాబట్టి ఎపాక్సీ మొదలుపెడితే చివరిదాకా ఎపాక్సీయే, పైన గెల్‌కోట్ బదులు పెయింట్. ఫైబర్ బట్ట కొనేటప్పుడు కూడా ఇది చూసుకోవాలి, మామూలు చాప్‌డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో, అంటే తుంచిన పోగులతో చేసిన చాపలో, పోగుల్ని పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరిగేలా చేసింది, ఎపాక్సీలో అది సరిగ్గా కరగదు, మ్యాట్ బిగుసుకుని మూలల్లో ఒదగదు. ఎపాక్సీకి రెండు దిశల్లో పోగులు పరిచి కుట్టు వేసిన బయాక్సియల్ బట్ట తీసుకోండి.

కలిపే విషయంలో రెండింటికీ పద్ధతి వేరు. పాలియెస్టర్‌కి గట్టిపరిచే కేటలిస్ట్ సుమారు 1 నుంచి 2 శాతం, వాతావరణాన్ని బట్టి కాస్త అటూ ఇటూ చెయ్యొచ్చు. ఎపాక్సీలో హార్డెనర్ పాళ్ళు డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే, తొందరగా గట్టిపడాలని ఇంకొంచెం పోస్తే తొందరగా గట్టిపడదు, ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. కొంచెం కొంచెం కలుపుకోండి. నేను మొదటిరోజు లీటరున్నర ఒకేసారి కలిపి, బట్ట కత్తిరించుకుంటూ కబుర్లు చెప్తూ ఉంటే బకెట్ లోంచి పొగ వచ్చింది, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బకెట్లో ఇరుక్కుపోతుంది కదా, ప్లాస్టిక్ బకెట్ కరిగి కిందకి కూర్చుంది. కలిపిన వెంటనే వెడల్పు ట్రేలో పోస్తే కొంచెం టైమ్ దొరుకుతుంది.

అతికించే పద్ధతి మూడు మాటల్లో: కొత్త ప్లైవుడ్ అన్ని వైపులా, ముఖ్యంగా అంచులకి, ముందే రెసిన్ పట్టించాలి. స్ట్రింగర్ కింద సిలికా పొడి కలిపి టూత్‌పేస్ట్ చిక్కదనానికి తెచ్చిన ఎపాక్సీ వేసి కూర్చోబెట్టి, రెండు పక్కల మూలల్ని గుండ్రంగా నింపాలి, బట్ట 90 డిగ్రీల మూలలో ఒదగదు, కింద గాలి ఉండిపోతుంది. బట్ట పడే చోట పాత ఫైబర్‌ని పెయింట్, మైనం, జిడ్డు లేకుండా గ్రైండ్ చేసి తీరాలి. హల్‌లో రంధ్రం లాంటిది పూడ్చాల్సి వస్తే మందానికి 12 రెట్లు వాలు ఇవ్వాలి, అంటే 6 మిల్లీమీటర్ల మందానికి చుట్టూ 72 మిల్లీమీటర్లు. ఎందుకంత అంటే కొత్త ఫైబర్ పాత దానికి అతుక్కునేది ఆ వాలు మీదే, ఎంత విశాలంగా ఉంటే అంత పట్టు. ప్లైవుడ్ విషయానికి వస్తే బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం గుర్తున్న మెరైన్ ప్లై తీసుకోండి, అలాగని మెరైన్ ప్లై అంటే కుళ్ళదు అనుకోకండి, జిగురు నీళ్ళకి విడిపోదు, లోపల పొరల్లో ఖాళీలు ఉండవు, అంతే తేడా. తడి తగిలితే అదీ కుళ్ళుతుంది.

ఫైబర్ దుమ్ము గురించి ఒక్క మాట, నవ్వకుండా వినండి. గ్రైండర్ పని చేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, మొహానికి బిగుతుగా కూర్చునే రెస్పిరేటర్, దుమ్ముకి పి100 ఫిల్టర్, రెసిన్ వాసనకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ వేరేగా, దుమ్ము ఫిల్టర్ ఆవిరిని ఆపదు. ఒంటినిండా కప్పే సూటు, కళ్ళద్దాలు. పాలియెస్టర్ కేటలిస్ట్ ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోయే ప్రమాదం ఉంది, అది పోసేటప్పుడు అద్దాలు తీసి నుదుటి మీద పెట్టుకునే హీరోయిజం వద్దు. పని అయ్యాక చన్నీళ్ళతో స్నానం. దురద ఒకరోజు ఉంటుంది, అలవాటవుతుందని అబద్ధం చెప్పను, అవ్వదు.

ఇంజిన్‌కి వద్దాం, ఇక్కడ మీకు చెయ్యి తిరిగి ఉంది కాబట్టి బైక్‌కి దీనికి తేడా ఉన్న చోటే ఆగుతాను. 6 ఏళ్ళుగా ఆగిన ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి కీ తిప్పడం అన్నిటికంటే చెడ్డ పని. బోటు ఇంజిన్ ఎగ్జాస్ట్‌లో నీళ్ళు తిరుగుతాయి, ఆ పొగ వెళ్ళే గొట్టాలు, అంటే మానిఫోల్డ్, రైజర్, లోపల తుప్పు పట్టి చిల్లు పడితే ఆ నీళ్ళు సిలిండర్లోకి వస్తాయి, నీళ్ళున్న సిలిండర్ మీద స్టార్టర్ బలం పెడితే నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులన్నీ తీసి చూడండి, ప్రతి సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలి, మర్నాడు క్రాంక్ పుల్లీ బోల్టు పట్టుకుని చేత్తో తిప్పండి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే. తిరిగితే సగం గండం గడిచింది. తర్వాత కంప్రెషన్: అంకె ఎంత వచ్చింది అన్నదాని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 10-15 శాతం లోపు ఉంటే నాకు సంతోషమే. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. చలికి నీళ్ళు గడ్డకట్టే ప్రాంతంలో నీళ్ళు తియ్యకుండా వదిలేసిన బోటయితే బ్లాక్ బయట పొడుగ్గా పగులు ఉందేమో టార్చి వేసి వెతకండి. బోటు ఉప్పు నీళ్ళలో తిరిగి ఉంటే, మానిఫోల్డులు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోతే, అవి పోయాయనే లెక్కలోకి తీసుకోండి.

పాత పెట్రోల్, పాత పైపులు మొత్తం మార్చాలి, కార్బురేటర్ విప్పి కడగాలి, అది మీకు చెప్పక్కర్లేదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటే అది నీళ్ళు పీల్చుకుని అడుగున వేరే పొరగా దిగిపోతుంది, పాత రబ్బరు పైపుల్ని లోపలి నుంచి కరిగిస్తుంది. కాబట్టి బోట్ల కోసం చేసిన ఇంధన పైపే వాడండి, ట్యాంకులో పోసే మూత దగ్గర ఉన్న లావు పైపు కూడా, అది అందరూ మర్చిపోతారు. ఫోమ్‌లో పాతేసిన అల్యూమినియం ట్యాంకైతే తీసి కింది వైపు చూడండి, తడి ఫోమ్ ఆనుకున్న చోట గుంటలు పడి ఉంటాయి.

బైక్ మెకానిక్‌లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. స్టార్టరో ఆల్టర్నేటరో పోతే సరిగ్గా అదే సైజు కారు పార్టు దొరుకుతుంది, బోల్టులు కూడా కుదురుతాయి, ఏముందిలే అని పెట్టేస్తారు. కారు కింద గాలి ఆడుతుంది, పెట్రోల్ ఆవిరి ఎగిరిపోతుంది. బోటు ఇంజిన్ గది మూసిన గిన్నె లాంటిది, పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. బోటు పార్టుల్లో నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టం చేసి ఉంటుంది, కారు పార్టుల్లో ఉండదు. స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, పెట్రోల్ పంపు, ఈ నాలుగూ మెరైన్‌వే కావాలి. కార్బురేటర్ మీద మంట బయటికి రాకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ కూడా తీసేసి బైక్ ఎయిర్ ఫిల్టర్ పెట్టకండి. స్టార్ట్ చేసే ప్రతిసారీ ముందు మూత తెరిచి వాసన చూసి, ఇంజిన్ గదిలో ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, అంటే బ్లోయర్, కనీసం 4 నిమిషాలు తిప్పండి. వాసన వస్తే కీ ముట్టుకోవద్దు.

నేల మీద స్టార్ట్ చేసేటప్పుడు డ్రైవ్ కాలికి నీళ్ళు పీల్చే రంధ్రాల మీద నీళ్ళ పైపు మఫ్స్, అంటే రబ్బరు కప్పులు, తగిలించి, ముందు కుళాయి తిప్పి, అప్పుడు కీ. నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, కాలిపోతుంది, అయినా 6 ఏళ్ళు ఒకే వంపులో ముడుచుకుని ఉన్న ఇంపెల్లర్‌ని ఎలాగూ మార్చాల్సిందే.

స్టెర్న్‌డ్రైవ్ అనే ఐడియా బాగానే ఉంటుంది, 1959లో వోల్వో పెంటా వాళ్ళు ఆక్వామాటిక్ పేరుతో మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి అందరూ దాని వెంట పడ్డారు, ఇంజిన్ లోపల, కాలు బయట. కానీ ఆ కాలు లోపలికి వచ్చే చోట నీళ్ళ మట్టానికి కింద బోటు వెనక గోడలో పెద్ద రంధ్రం ఉంటుంది, ఆ రంధ్రానికి, మీ బోటు మునగడానికి మధ్య ఉన్నది మడతల రబ్బరు తొడుగు ఒక్కటే, బెల్లోస్ అంటారు. ఎన్నేళ్ళ కిందటిదో తెలియని బెల్లోస్‌తో నీళ్ళలోకి దిగొద్దు, చూడ్డానికి బాగున్నా మార్చండి, మడతల లోపల పగుళ్ళు బయటికి కనపడవు. ఎలాగూ కాలు విప్పుతారు కాబట్టి గింబల్ బేరింగ్ కూడా చూసేయండి, గేర్ ఆయిల్ తీసి పాల రంగు ఉందేమో చూడండి.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పను, పాతది ఆకుపచ్చగా మారి ఉంటే మొత్తం పీకి టిన్ పూత ఉన్న రాగి వైరుతో కొత్తగా లాగండి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు, జాయింట్లు క్రింప్ చేసి జిగురున్న హీట్ ష్రింక్ వెయ్యండి. బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపుకి మాత్రం నీళ్ళు పెరిగితే తనే ఆన్ అయ్యే ఫ్లోట్ స్విచ్ పెట్టి, మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా తన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపండి. పంపు ఉంది కదా అని ధైర్యం కూడా వద్దు, నీటి మట్టానికి ఒక అడుగు కింద ఒక అంగుళం రంధ్రం పడితే లెక్క ప్రకారం నిమిషానికి 70 లీటర్ల దాకా లోపలికి వస్తాయి, చిన్న బోట్లలో పెట్టే గంటకి 500 గ్యాలన్ల పంపు డబ్బా మీద రాసినంత తోడినా నిమిషానికి 31 లీటర్లు.

ఇప్పుడు మళ్ళీ మొదటికి, స్క్రూ రంధ్రాలకి. కొత్త ఫ్లోర్ మీద సీట్లు బిగించేటప్పుడు ఈ కాస్త ఓపిక పట్టకపోతే ఇంతవరకు చేసిందంతా ఇంకో పదేళ్ళకి మళ్ళీ పుచ్చుతుంది. రంధ్రం కావాల్సిన దానికంటే పెద్దది వెయ్యండి, చిక్కటి ఎపాక్సీతో నింపండి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూ సైజు రంధ్రం వేసి సీలెంట్ పెట్టి బిగించండి. అప్పుడు సీలెంట్ పోయినా నీళ్ళు తగిలేది ఎపాక్సీకే, కట్టెకి కాదు. 30 సీటు స్క్రూలకి ఇది చెయ్యడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది, అంత బోరు పని ఇంకోటి లేదు, అంత లాభం ఉన్న పని కూడా. సిలికాన్ మాత్రం బోటు దరిదాపుల్లోకి రానివ్వకండి, తర్వాత అక్కడ పెయింట్ అంటుకోదు.

పెయింట్ అన్నిటికంటే చివర. అసలు అక్కర్లేకపోవచ్చు కూడా. సుద్దలా అయిన గెల్‌కోట్‌లో ఒక అడుగు చదరం తీసుకుని నీళ్ళు పోస్తూ 800, 1000, 1500 నంబర్ గరుకు కాగితాలతో రుద్ది, పాలిష్ కాంపౌండ్ పట్టించి, వాక్స్ వేసి చూడండి, కింద రంగు బతికే ఉంటే అంతే చాలు. కింద ఫైబర్ పోగులు కనిపిస్తుంటే అప్పుడు రెండు డబ్బాలు కలిపి వేసే టూ పార్ట్ పెయింట్ గురించి ఆలోచించండి, రోలర్‌తో వేసి బ్రష్‌తో సర్దే పద్ధతిలోనే, స్ప్రే వద్దు, అందులో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకి మంచివి కావు.

ఒక సీజన్‌లో అవుతుందా అన్నారు. ఫ్లోర్ మాత్రమే అయితే, వారాంతాలు నిజంగా ఖాళీ ఉంటే, అవుతుంది. వెనక గోడ కూడా ఉంటే రెండు సీజన్లు అనుకోండి, ఇంట్లో వాళ్ళకి మూడు అని చెప్పండి.

ఈ ఆదివారం మామయ్య దగ్గరికి వెళ్ళి ఆ నాలుగు రంధ్రాలు వెయ్యండి, రంధ్రాలు వేస్తానని ఆయనకి ముందే చెప్పి వెయ్యండి, లేకపోతే అదో గొడవ. పొట్టు ఏ రంగులో వచ్చిందో, తడో పొడో, ఏ రంధ్రంలోంచో రాసి పంపండి. అప్పటిదాకా ఆయనకి అవుననీ కాదనీ చెప్పకండి.